జక్కయ్య ఉపవాసం

"మేత మానేసి ఎన్నాళ్ళయింది?"

ఇరవై రెండేళ్ళుగా నేను ఎవరి కొట్టంలో అడుగుపెట్టినా ముందు అడిగే మాట ఇది. రెండు రోజులైందండీ అన్నారో, నాకు ఒళ్ళు మండిపోతుంది. "రెండు రోజులు గాడిదలు కాస్తున్నారా? మొదటి పూటే ఫోను చెయ్యడానికేం?" అంటాను. నేను గోపాలమిత్రని. గేదెలకి ఎద సూదులు వేస్తాను, చిన్నా చితకా వైద్యం చేస్తాను. రేపల్లె చుట్టుపక్కల నన్ను మార్కు డాక్టరు గారంటారు. నేను డాక్టర్ని కాదని ఎప్పుడూ గట్టిగా చెప్పిన పాపాన పోలేదు.

అలాంటివాణ్ణి, మొన్న ఈస్టరుకి ముందు మేం ఉపవాసాలుండే శ్రమదినాల్లో నా ఇంట్లోనే ఒక జీవం పద్దెనిమిది రోజులు మేత ముట్టకపోతే, దాని మీద జోకులేశాను.

ఆ జీవం పేరు జక్కయ్య. వడ్లమూడిలో ఇంజనీరింగ్ చదువుతున్న మావాడూ, వాడి గది పిల్లలూ కలిసి కొన్న తొండ. మన కంచెల మీద తలాడించే తొండ కాదు, ఆస్ట్రేలియా జాతిది, బియర్డెడ్ డ్రాగన్ అంటారట. జానెడున్నర పొడుగు, ఒళ్ళంతా మెత్తటి ముళ్ళు, గడ్డం కింద సంచి. హాస్టల్లో ఇవి పెంచకూడదని వార్డెను కేకలేస్తే, దసరా సెలవులకి చెప్పుల డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చి, మా నెత్తిన పడేసి పోయాడు.

మా ఆవిడ రిబ్కా ఆ రోజు భయంతో మంచం దిగలేదు. నెల తిరిగేసరికి ఆమె మిషను కుట్టుకుంటుంటే ఆ తొండగాడు భుజమెక్కి కూర్చునేవాడు. కోపమొస్తే వాడి గడ్డం ఉబ్బి నల్లబడేది. "అచ్చం మా జక్కయ్య పెదనాన్నే" అంది. ఆ పెద్దాయన బాపట్లలో నిక్షేపంలా ఉన్నాడు. "ఆయనకి తెలిస్తే మన గడప తొక్కడే" అన్నాను. "తొక్కకపోతే మరీ మంచిది" అంది.

రిబ్కా మాటల మనిషి కాదు. మా ఇంట్లో ఇద్దరి వంతూ నేనే మాట్లాడతాను. జక్కయ్య వచ్చాక మాత్రం మిషను దగ్గర్నుంచి గుసగుసలు వినపడేవి. "ఇదిగో, ఈ జాకెట్టు చేతులు చూడు, కొలత ఇచ్చిందొకటి, గుడ్డ ఇచ్చిందొకటి" అని వాడికి చెప్పుకునేది. వాడు తల వంచి వినేవాడు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆమె నాకు చెప్పనన్ని కబుర్లు ఆ నాలుగు నెలల్లో వాడికి చెప్పింది. నాకు కాస్త కుళ్ళుగానే ఉండేది, అబద్ధమెందుకు.

పెంపకం మీద పెత్తనం మాత్రం నాదే. వాడికి ఎండ కావాలన్నాడు మావాడు. కాకులు పొడవకుండా వరండాకి తూర్పు వైపు గాజు పలకలు బిగించి, వాటి వెనక తొట్టి పెట్టించాను. ఆకుకూర పెట్టమన్నాడు. "గోంగూర పెట్టు. మన జిల్లాలో ఉండి గోంగూర తినకపోతే పరువేం కాను" అన్నాను. పెట్టింది. వాడూ తిన్నాడు, రోజూ.

శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం సాయంత్రం, చర్చిలో ఆరాధన నుంచి వచ్చాం. రిబ్కా తొట్టిలోకి వంగి చూసి, "ఏవండీ, పొద్దున వేసిన మిడతలు అలాగే ఉన్నాయి. వీడు ముట్టలేదు" అంది.

"శ్రమదినాలు కదే. ఇంటిల్లిపాదీ ఉపవాసముంటే వాడొక్కడే తింటాడా? మనింట్లో నాకంటే వాడికే భక్తి ఎక్కువ."

జోకు నాకే తెగ నచ్చేసింది. ఆ శుక్రవారం మా ఇంట్లో కూడిక పెట్టుకుంటే, ప్రార్థన అయ్యాక పాతిక మంది ముందు మళ్ళీ చెప్పాను. పాస్టరమ్మగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. మర్నాటి నుంచి ఉపవాసమున్న తొండని చూద్దామని పేటలో వాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఎదురింటి హెప్సిబా మామ్మ తొట్టి ముందు నిలబడి, "తొండకున్న బుద్ధి మా వాడికి లేదు" అని ముక్కు మీద వేలేసుకుంది. నేను కాలు మీద కాలేసుకుని కూర్చుని అందరికీ వివరాలు చెప్పాను.

వారం దాటింది. నేను అన్నం తింటుంటే రిబ్కా వచ్చి నిలబడింది. "వాడు పొట్ట నేలకి ఆనించి ఈడ్చుకుంటున్నాడండీ. ఒంట్లో బాగోలేదేమో."

మావాడికి ఫోను కొట్టాను. వాడు అమ్మినవాణ్ణి అడిగి చెప్పాడు. ఈ జాతి చలికాలంలో తిండి మానేసి పడుకుంటుందట, భయం లేదట.

"విన్నావా?" అన్నాను.

"ఫ్యాను లేకుండా కూర్చోలేకపోతున్నాం. ఇప్పుడు చలికాలం ఏంటండి?"

"వాళ్ళ ఊళ్ళో చలికాలమేమో. నాకు పెరుగు వెయ్యి."

ఇంకో నాలుగు రోజులకి, నేను బండి స్టార్టు చేస్తుంటే గుమ్మంలోకొచ్చింది. "కళ్ళు లోపలికి పోయినయ్యండి వాడికి."

"మిషను కుట్టీ కుట్టీ నీ కళ్ళే లోపలికి పోయాయి. అద్దాలు మార్పించుకో" అని వెళ్ళిపోయాను. నవ్వుతుందనుకున్నాను. బండి అద్దంలో చూస్తే గుమ్మంలోనే నిలబడి ఉంది.

పద్దెనిమిదో రోజు పొద్దున కృష్ణ ఒడ్డున ఒక లంక ఊరి నుంచి పార్వతి గారు ఫోను చేశారు. గేదె ఈని మూడు రోజులైంది, లేవట్లేదన్నారు. వెళ్ళి చూస్తే, మెడ పక్కకి తిప్పి డొక్కలో పెట్టుకుని పడుంది. చెవులు చల్లగా ఉన్నాయి. తొడ మీద చెయ్యి వేస్తే చర్మం కింద కండ సన్నగా, ఆగకుండా వణుకుతోంది. పాలజ్వరం. ఒంట్లో కాల్షియమంతా పాలల్లోకి పోతే గేదె అలా పడిపోతుంది.

"మేత మానేసి ఎన్నాళ్ళయింది?"

"నిన్న పొద్దుట్నుంచండి."

"నిన్న పొద్దుట్నుంచి ఏం చేస్తున్నారమ్మా? నోరులేని జీవం, అదొచ్చి చెబుతుందా మీకు? చూసుకోవక్కర్లా?"

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కాల్షియం సీసా తగిలించి, నరంలోకి చుక్క చుక్కగా వదిలాను. తొందరపడి వదిలితే గుండె ఆగిపోతుంది. అరగంటలో గేదె విదిలించుకుని లేచి పేడ వేసింది. ఇంటిల్లిపాదీ నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశారు. కాఫీ తాగి, గాల్లో తేలుతున్నట్టు ఇంటికొచ్చాను.

మిషను ఆగి ఉంది. రిబ్కా వరండాలో నేల మీద కూర్చునుంది. అరచేతిలో జక్కయ్య. ఈసారి ఆమె చెయ్యి కాస్త పైకెత్తింది, అంతే.

వాడి కాలివేళ్ళు వణుకుతున్నాయి. సన్నగా, ఆగకుండా.

గంట క్రితం పార్వతి గారి గేదె తొడ మీద నా చేతికి తగిలిన వణుకే అది. దగ్గర కూర్చుని వాడి దవడ పట్టుకున్నాను. ఎముక ఉండాల్సిన చోట చెవి తమ్మెలాగా మెత్తగా వంగింది. ముందు చెయ్యి వాచి, వంకర తిరిగి ఉంది. ఇది ఒక పూటలో వచ్చేది కాదు. వాడు రోజూ నా కళ్ళముందే ఇలా అయ్యాడు, నేను రోజూ జనానికి చూపించాను.

"కాల్షియం" అన్నాను. సంచీ తెరిచాను. పొద్దుటి సీసాలో ఇంకా మిగిలుంది. నా దగ్గరున్న అన్నిటికంటే చిన్న సిరంజీలోకి లాగాను. రిబ్కా వాణ్ణి రెండు చేతులతో పట్టుకుంది. వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. గడ్డం నల్లబరిచే ఓపిక కూడా లేదు వాడికి.

సూది వాడి దగ్గరికి తీసుకెళ్ళి ఆగిపోయాను. నాలుగొందల కిలోల గేదెకి ఎంత ఎక్కించాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ మూడొందల గ్రాముల ప్రాణానికి ఎంత? నరం ఎక్కడ?

"ఎంత ఎక్కిస్తారు?" అంది రిబ్కా.

నేను సిరంజీ మీద గీతలు చూస్తున్నాను.

"మీకు తెలుసా అండీ?"

నా వృత్తిలో నేను అనని మాట ఒకటుంది. ఏ జబ్బో అర్థం కాకపోతే, "వేడి చేసింది" అంటాను. మరీ అర్థం కాకపోతే, "రేపు చూద్దాం" అంటాను. ఆ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు.

"తెలియదు" అన్నాను.

రిబ్కా నా మొహంలోకి చూసింది. తర్వాత లేచి, జక్కయ్యని పాత నూలుచీర ముక్కలో చుట్టి, వేణ్ణీళ్ళ సీసా ఒకటి పక్కన పెట్టి, కూరల సంచీలో సర్దింది. "తెనాలి బండి ఎన్నింటికి?" అంది.

తెనాలే ఎందుకంటే, అక్కడ డాక్టరు సాయి సుధ గారున్నారు. మునుపు మా మండలం పశువుల ఆసుపత్రిలో పనిచేసి, మానేసి, తెనాలిలో కుక్కలకీ పిల్లులకీ పక్షులకీ క్లినిక్ పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుండవు. ఒకసారి రైతుల ముందు, "మెల్లగా మార్కు గారూ, అంత స్పీడుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది" అంది. నాకు చెప్పేంత దానివా అని ఆ తర్వాత ఆ అమ్మాయితో సరిగ్గా మాట్లాడలేదు. చుక్క చుక్కగా వదలడం మాత్రం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

ప్యాసింజరు బండి స్టేషను స్టేషనుకీ ఆగుతోంది. రిబ్కా సంచీ ఒళ్ళో పెట్టుకుని, నిమిషానికోసారి లోపల చెయ్యి పెట్టి చూస్తోంది. ఆమె చెయ్యి సంచీలోకి వెళ్ళినప్పుడల్లా నేను ఆమె మొహం చూస్తున్నాను. ఎదురు సీట్లో ఆవిడ, "సంచీలో ఏంటమ్మా, కోడిపిల్లా?" అని అడిగింది. రిబ్కా సంచీ మూతి దగ్గరికి లాగింది.

సాయి సుధ గారు నన్ను గుర్తుపట్టింది. గుడ్డ విప్పి చూసి, దవడ నొక్కి, పొట్ట తడిమి, ఎక్స్‌రే తీసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"తిండి మానేసి ఎన్నాళ్ళయిందండీ?"

నేను ఆ విప్పిన గుడ్డ మడత పెడుతున్నాను. రిబ్కానే చెప్పింది. "పద్దెనిమిది రోజులండి."

ఆ అమ్మాయి తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే ప్రాణానికి హాయిగా ఉండేది. నా వైపు ఒకసారి చూసి, కాగితం మీద రాసుకుంది.

"ఎముకల్లో కాల్షియం అయిపోయిందండీ. ఇది చలికాలపు నిద్రే అయితే ఇంతలా చిక్కిపోదు, ఇలా వణకదు. ఎండ తగులుతోందా దీనికి?"

"రోజూ పొద్దున తగులుతుందండి. గాజు పలకల వెనకే పెట్టాను" అన్నాను, ఇదొక్కటైనా సరిగ్గా చేశానని.

"గాజులోంచి వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది. ఎముకలకి కావలసింది మాత్రం లోపలికి రాదండీ. నేరుగా ఒంటి మీద పడాలి. ఏం పెడుతున్నారు?"

"మిడతలు, గోంగూర" అంది రిబ్కా.

"గోంగూర, పాలకూర రోజూ పెట్టకూడదమ్మా. తిన్న కాల్షియాన్ని అవి ఒంటికి పట్టనివ్వవు."

రిబ్కా నా వైపు తిరగలేదు. అంతకంటే తిరిగి చూసి ఉంటే బాగుండేది.

"ఇలాంటివి నేను ఇంతకుముందు రెండే చూశానండీ. నాకూ పూర్తిగా తెలియదు. తెలిసినాయన్ని అడుగుదాం" అని ఆ అమ్మాయి చెన్నైలో తన సీనియరు డాక్టరుకి ఫోను కలిపింది. ఆయన చెబుతుంటే రాసుకుంది, మళ్ళీ చదివి వినిపించింది, రెండుసార్లు లెక్క సరిచూసుకుంది. "తెలియదు" అనే మాట ఆ అమ్మాయి అంత తేలిగ్గా అనేసరికి నాకు సిగ్గేసింది. చివరికి అతి చిన్న సిరంజీలో రెండు చుక్కల మందు నీళ్ళతో కలిపింది. "మార్కు గారూ, మీరు పట్టుకోండి. ఎముకలు విరుగుతాయి, మెల్లగా."

"మెల్లగానే అమ్మా" అన్నాను.

"మూడు రోజులు గడవాలి. బతుకుతుందని ఇప్పుడే చెప్పలేను" అంది.

మూడు రోజులు గడిచాయి. ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో నాకూ రిబ్కాకీ తెలుసు. గాజు పలకలు నేనే ఊడబీకాను. ఇనప జాలీతో బోను కట్టాను. పొద్దున ఏడింటికి ఎండలో పెట్టాలి, పక్కన నీడా ఉండాలి, వేడెక్కితే లోపలికి తేవాలి. రిబ్కా కుట్టుపని తెచ్చుకుని బోను పక్కనే కూర్చునేది. పూటకి రెండుసార్లు మందు చుక్కలు. మునగాకు, గుమ్మడికాయ మెత్తగా నూరి సిరంజీతో పెదవి పక్క నుంచి పట్టాలి. నేను పట్టుకునేవాణ్ణి, ఆమె వేసేది. సగం బయటికే వచ్చేది. వేళ్ళ వణుకు ఒక రోజు తగ్గేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. పొద్దున లేవగానే ఎవరం ముందు వెళ్ళి చూడాలన్నా ఇద్దరికీ భయమే.

రిబ్కా నాతో పోట్లాడలేదు. కాఫీ ఇచ్చేది, అన్నం పెట్టేది. "పట్టుకోండి", "వదలండి", ఈ రెండే మాటలు. వాడితో కూడా మాటలు మానేసింది. ఇల్లు ఆసుపత్రిలా అయిపోయింది. పైగా వీధిన పోయేవాళ్ళు, "ఏమ్మా రిబ్కా, మీ తొండ ఉపవాసం ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవాళ్ళు. ఆమె సూదీ దారం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. నేను ఊరంతా చెప్పిన జోకు కదా, రోజూ ఎవరో ఒకరు తెచ్చి మా గుమ్మంలో పడేసి పోయేవాళ్ళు.

మార్చి నెలాఖర్లో బాపట్లలో మీటింగుంటే వెళ్ళాను. పెద్ద సారు మాట్లాడుతుంటే ఫోను మోగింది. నేను పనిలో ఉంటే రిబ్కా ఎప్పుడూ ఫోను చెయ్యదు.

"ఏవండీ... తెల్లగా పాలిపోయాడు. కదలట్లేదు."

ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను. బాపట్ల నుంచి రేపల్లె ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. దారి పొడుగునా ఒకటే మాట అనుకున్నాను. ప్రభువా, నామీద ఎంత కోపముందో అంతా నామీదే చూపించు, ఆమె మాట్లాడే జీవం అదొక్కటే. మధ్యలో బండాపి సాయి సుధ గారికి ఫోను చేశాను. "కళ్ళు తెరుస్తోందా? మెడ దగ్గర చర్మం పొరలా లేస్తోందా, చూసి చెప్పండి" అంది.

ఇంటికెళ్ళి చూస్తే లేస్తోంది. కుబుసం విడుస్తున్నాడు. "అలాంటప్పుడు కదలవండీ. ఒంట్లో కాస్త శక్తి వస్తోందనే అనుకుందాం" అంది ఆ అమ్మాయి. నేను హెల్మెట్టు తియ్యకుండానే మెట్ల మీద కూలబడ్డాను. రిబ్కా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్క మెట్టు మీద కూర్చుంది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. పొద్దుట్నుంచి మేమిద్దరం మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రిబ్కా తెల్లచీర కట్టుకుని, బయల్దేరే ముందు బోనులో ఒక మిడతని వేసింది. ఎప్పుడూ వేసేదే, ఎప్పుడూ తీసి పారేసేదే. నేను చెప్పులేసుకుంటున్నాను.

చిన్న చప్పుడైంది.

ఇద్దరం తిరిగి చూశాం. జక్కయ్య నోటి పక్క నుంచి మిడత కాలు ఒకటి వేలాడుతోంది. వంకర చేత్తో లేచి నిలబడి, కరకరా నములుతున్నాడు. నమిలి మింగి, గడ్డం ఎగరేసి, ఇంకోటేదీ అన్నట్టు రిబ్కా వైపు చూశాడు.

రిబ్కా బోను ముందు చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఒరే జక్కయ్యా, ఊరంతా ఉపవాసమున్న రోజు చూసుకుని తింటావురా?" అంది. నెల రోజుల తర్వాత వాడితో ఆమె అన్న మొదటి మాట. నేను అలాగే చెప్పులతో పెరట్లోకి పరిగెత్తి, గడ్డిలో మోకాళ్ళ మీద పడి మిడతలు పట్టాను. ఆరాధనకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాం, నా తెల్లపంట్లాం మోకాళ్ళ దగ్గర పచ్చగా ఉంది.

ఈస్టరు ఆదివారం పాస్టరు గారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండన్నారు. నేను లేచాను. మార్కు లేచాడంటే నవ్వడానికి జనం ముందే సిద్ధమయ్యారు.

"మా ఇంట్లో తొండ ఉపవాసం చేస్తోందని మీ అందరికీ చెప్పాను. వాడు ఉపవాసం చెయ్యలేదు. జబ్బు పడ్డాడు. పశువుల్ని చూసేవాణ్ణయ్యుండి నేను చూడలేదు. మా ఆవిడ మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ వెటకారం చేశాను. ఇక మీదట ఎవరూ ఆమెని ఆ మాట అడక్కండి. ఇదే నా సాక్ష్యం."

ఎవరూ నవ్వలేదు. పాస్టరు గారికి ఆమెన్ అనాలో వద్దో తోచలేదు. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి రిబ్కా గొంతు, పెద్దగా కాదు గానీ, చివరి వరస దాకా వినపడింది.

"నాలుగుసార్లు."

అప్పుడు నవ్వారు అందరూ. నేనూ నవ్వి కూర్చున్నాను గానీ, పాట పాడుతున్నంతసేపూ లెక్కపెడుతూనే ఉన్నాను. మిడతలు ఒకటి. పొట్ట ఈడ్చడం రెండు. కళ్ళు మూడు. ఎన్నిసార్లు లెక్కేసినా మూడే.

ఇంటికొచ్చాక రిబ్కా జక్కయ్యని భుజం మీదికి ఎక్కించుకుంది. వంకర చెయ్యి ఇక సరికాదు, అయినా పట్టుకుని ఎక్కాడు.

"ఆ నాలుగోది ఎప్పుడే?" అన్నాను.

"నాలుగోది కాదు, మొదటిది. భస్మ బుధవారానికి వారం ముందు. వాడు ఇవాళ తొట్టిలో కొమ్మెక్కలేదండీ అన్నాను. మీరు ఆ గుమ్మంలోనే నిలబడి ఎవరి గేదె గురించో ఫోన్లో తిడుతున్నారు."

"నేనేమన్నాను?"

"ఏమీ అన్లేదు. ఇలా అన్నారు" అని, ఈగని తోలినట్టు చెయ్యి విదిలించి చూపించింది.

భుజం మీద జక్కయ్య ఆ చెయ్యి ఎటు పోతే అటు తల తిప్పి చూశాడు.